రుమాలు రంగు

విశాఖపట్నం,
మార్చి, 1983.

అక్కా,

ఇంటికి ఈసారి ఏ రంగు వేయించావని అడిగావు. జాలరిపేట పడవల నీలం చూసి మనసుపడి నిరుడు అదే వేయించాను కదా, పోర్టు యార్డు నుంచి వచ్చే ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము దాన్ని మూడు నెలలైనా ఉండనివ్వలేదు. ఒళ్లు మండి, మీ మరిది యార్డు డ్యూటీలో ముక్కు తుడుచుకున్న రుమాలు తీసుకెళ్లి రంగుల కొట్టువాడి ముందు పడేశాను. ఈ రంగే కలపమన్నాను.

"ఇదేటి రంగమ్మా, గోడలకి ఎవులైనా ఏత్తారేటి?" అన్నాడు.

ఇప్పుడు గోడల మీద దుమ్ము కనబడదు. ఏదీ కనబడదు. ఆయన దగ్గి, చేత్తో గోడకి తుడిచేస్తున్నది రక్తమని నెల్లాళ్లుగా నాకు తెలియలేదు. నిన్న డాక్టరు గద్దిస్తే ఒప్పుకున్నారు.

ఉగాదికి నాకు చీర తేవద్దు. ఆయనకి రుమాళ్లు తే. తెల్లవి.

నీ చెల్లెలు