మళ్లీ మోసగత్తెనే చేసినారు

ఆదోని, ఆదివారం రాత్రి

ఈ పొద్దు అక్కా నేనూ ఆ వెబ్ సిరీస్ ఆఖరి ఎపిసోడ్ చూసినాం. ఆడోళ్లనూ మగోళ్లనూ ఇష్టపడే పిల్ల కథ అని ఎంత ఆశగా చూసినానో! చివరికి ఆమెను మోసగత్తెను చేసినారు. ప్రతి సిరీస్‌లోనూ ఇదే గోల. రాసేటోళ్లకు ఇంకేమీ తోచదా?

"ఇట్లాంటోళ్లు ఒకరితో నిలబడరు లేవే," అనింది అక్క.

నాకు ఒళ్లు మండింది. "నేనూ ఇట్లాంటిదాన్నే అక్కా. ఎమ్మిగనూరులో సుజాతను ప్రేమించినా. ఇప్పుడు రమేశును ఇష్టపడే పెండ్లి చేసుకుంటాండా. ఈ మాట ఆయప్పకూ సెప్పినా. నేను ఎవరిని మోసం చేసినా?"

అక్క నా పక్కకు జరిగి కూర్చునింది.

"సుజాత పెండ్లిలో నువ్వు అంత ఏడ్చింది అందుకేనా?"

అవునని తలూపినా. అక్క కండ్లలో నీళ్లు తిరిగినాయి. నా చెయ్యి పట్టుకొని, "అమ్మకు మాత్రం సెప్పొద్దే," అనింది.

దానికీ నాకు కోపమే వచ్చింది. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.