తూము తాళం ఎవరి దగ్గరుంది

చెల్లెమ్మకు మీ అన్నయ్య దీవించి రాస్తున్నది. నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. వదిన మోకాళ్లు మాత్రం రేడియో కంటే ముందే వాన కబురు చెబుతున్నాయి. నువ్వు వేళకు తింటున్నానని రాశావు. సగం నమ్మాను.

మన కాలువ పద్ధతి మీద నువ్వు రాసిన పుస్తకం మీ సంస్థ వాళ్లు పన్నెండు దేశాల్లో పంచారని వదిన వీధంతా చెప్పుకొచ్చింది. ఉమ్మడి నీటికి సర్కారూ వద్దు, షావుకారూ వద్దు, వాడుకునేవాళ్లే కాపాడుకోగలరని భలే రాశావు. తూము తాళం ఎప్పుడూ కాలువ చివరి పొలం వాళ్ల దగ్గరే ఉంటుందనీ, తన పొలం తడవాలంటే నీళ్లు అందరి పొలాలూ దాటి రావాలి కాబట్టి ఆ మనిషి ఎవరికీ ఎగ్గొట్టలేడనీ రాశావు. వచ్చే వారం మీవాళ్లు వచ్చి తాళంతో నా ఫొటో తీస్తారన్నావు. పిన్ని ఎలా ఉందని మళ్లీ అడిగావు.

పిన్ని లేదు చెల్లీ. నెలన్నర అయింది. నీకు రాయొద్దని వదినకు గట్టిగా చెప్పింది నేనే.

రెండేళ్ల కిందట బాబాయి పోయాక, తూము పక్కనున్న వాళ్ల పొలం నేను తీసుకుని, కాలువ చివరనున్న మన పొలం పిన్నికిచ్చాను. తన ఇంటికి దగ్గర, నడక తప్పుతుందని నచ్చజెప్పాను. పొలంతోపాటు తాళమూ ఇవ్వాలి. ఇవ్వలేదు.

"తాళమేదిరా?" అని అడిగింది.

"ఆ తూము చక్రం నువ్వు తిప్పలేవు పిన్నీ, నేనున్నాగా," అన్నాను.

ముందు నా మడి నింపుకునేవాణ్ని. మధ్యవాళ్లు నోరెత్తకుండా వాళ్లకూ కాస్త వదిలి తూము మూసేసేవాణ్ని. పిన్ని పొలం రెండు పంటలు ఎండింది. మూడోసారి నారు బతికించుకోవాలని బిందెతో నీళ్లు మోస్తూ, మిట్టమధ్యాహ్నం గట్టు మీదే కూలిపోయింది. అందరూ ఎండదెబ్బ అన్నారు. నేనూ తలూపాను. కంచే చేను మేసింది చెల్లీ. పిన్నిని నేనే చంపాను.

ఆమె పొలం బీడు పడింది. ఇప్పుడు సాగులో ఉన్న చివరి పొలమంటే దానికి ఎగువనున్న మన ఊరి దర్జీదే. నిన్న వచ్చి, "ఇక తాళం నాకివ్వాలి కదన్నా," అని చెయ్యి చాచాడు. తాళం నా మొలతాడుకే ఉంది.

రేపు రమ్మన్నాను. ఇవాళ కూడా వచ్చాడు. మళ్లీ రేపు రమ్మన్నాను.

ఇట్లు,
దీవించే అర్హత లేని
మీ అన్నయ్య