గ్లాసు అంచున బుడగలు

మే, మంగళవారం. యలహంక

సైన్స్ టీచర్ల వేసవి ఆన్‌లైన్ శిక్షణలో ఇవాళ ఒక ప్రశ్న అడిగారు. నీళ్లున్న పళ్లెంలో వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే, నీళ్లు లోపలికి ఎందుకు ఎక్కుతాయి? "ఆక్సిజన్ అయిపోతుంది కాబట్టి" అని అందరికంటే ముందు టైపు చేశాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు అదే చెబుతున్నాను. తప్పట! వేడికి కొంత గాలి బయటికి పోయి, మిగిలింది చల్లబడి కుంచించుకుపోతుందట.

నమ్మలేక వంటింట్లో మూడుసార్లు చేసి చూశాను. మూడుసార్లూ గ్లాసు అంచున బుడగలు.

నిరుడు ఎనిమిదో తరగతిలో ఇదే ప్రయోగం చేసి చూపిస్తుంటే వాణి చెయ్యెత్తి, "మిస్, బుడగలు వస్తా ఉండాయి, గాలి బయటికి పోతా ఉండాది" అంది. "పుస్తకంలో ఉన్నది రాయమ్మా" అని కూర్చోబెట్టాను.

జూన్‌లో బడి తెరవగానే తప్పు నాదేనని వాణికి చెప్పేస్తాను. కానీ ఆ రోజు తర్వాత ఆ పిల్ల చెయ్యెత్తిన గుర్తే లేదు...