బాత్రూం తలుపు దగ్గర ప్రార్థన

మెల్‌బోర్న్
మార్చి, 1997

ఫాన్యా అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఒడెస్సాలో ఇంకా మంచు కరగలేదన్నావు. నీ మరిది సేన్యా ఆరోగ్యం ఎలా ఉందని అడిగావు. గుండె బాగానే కొట్టుకుంటోంది. కాలిలో రక్తనాళం తీసి గుండెకి అతికించారు కదా, అది చక్కగా అతుక్కుంది. మా ఇద్దరి మధ్యే ఏదో విడిపోయింది. దాని గురించి రాద్దామనే కూర్చున్నాను.

ఆస్పత్రిలో అతని పక్క మంచం మీద జాల్ట్స్‌మన్ అనే పెద్దాయన ఉండేవాడు. నడుం వంగిపోయినా నెత్తి మీద టోపీ జారనివ్వని మనిషి. బాత్రూంలోంచి బయటికి వచ్చినప్పుడల్లా చేతులు కడుక్కుని ఏదో గొణుక్కునేవాడు. "ఏంటి తాతా, నీతో నువ్వే పోట్లాడుకుంటున్నావా?" అని సేన్యా ఎగతాళి చేశాడు. ఆయన నొచ్చుకోలేదు. "పోట్లాట కాదు నాయనా, అందినట్టు రసీదు రాసిస్తున్నా" అన్నాడు. ఒంట్లో తెరుచుకోవలసినవి తెరుచుకున్నాయి, మూసుకోవలసినవి మూసుకున్నాయి, ఇందులో ఒక్కటి అటూ ఇటూ అయినా నీ ఎదుట గడియసేపు నిలబడలేను స్వామీ అని దాని అర్థమట. మన పెద్దలు బాత్రూంకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ చెప్పుకునేవారట. గుండెలో నాళాలు మూసుకుపోయి వచ్చినవాడు సేన్యా. ఆ మాటకి నవ్వలేకపోయాడు.

మన ఇంట్లో ఇవన్నీ ఎక్కడున్నాయి చెప్పు? నాన్న గుర్తింపు కాగితంలో 'యూదుడు' అని ఉండేది, అంతే. ఇక నా సంగతంటావా, కిడ్నీలు ఆగిపోయినవాళ్ళ నెత్తురు యంత్రంలో కడిగే నర్సుని. ఒంట్లో ఏది తెరుచుకుంటుందో ఏది మూసుకుంటుందో నాకు ఎవరూ స్తోత్రం చదివి చెప్పనక్కర్లేదు.

ఇంటికి వచ్చాక సేన్యాకి ఆ స్తోత్రాల పిచ్చి ముదిరింది. నిద్ర లేవగానే ఒక స్తోత్రం, రొట్టె తుంచేముందు ఒకటి, ఆపిల్ కొరికేముందు ఇంకొకటి, ఉరిమితే వేరొకటి. హీబ్రూ రాదు కాబట్టి అన్నీ మన రష్యన్‌లోనే. శనివారం విశ్రాంతి దినమని ఫోను ముట్టడు. మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. అమ్మ ఇచ్చిన నీలం ఎనామిల్ గిన్నె శుద్ధి చేసినా పనికిరాదని యూదు గురువు రబ్బీ చెప్పాడట, తీసుకెళ్ళి వీధిలో పెట్టేశాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఎవరో పట్టుకుపోయారు.

"ఒక్క మాట నన్ను అడగలేదేం?" అన్నాను.

"అడిగితే ఇచ్చేదానివా?" అన్నాడు.

గిన్నె కోసం కాదక్కా. ఆపరేషన్ అయ్యాక అతను మంచం దిగలేని రోజుల్లో బెడ్‌పాన్ పెట్టింది నేను. తీసింది నేను. ఒళ్ళు తుడిచి, గడ్డం గీసి, సూప్ చెంచాతో తాగించింది నేను. ఆ మనిషి ఇప్పుడు లేచింది మొదలు పడుకునేదాకా దేవుడికి కృతజ్ఞతలు చెబుతూనే ఉంటాడు. నాకు ఒక్కసారి చెప్పలేదు. పైకి చెప్పుకుంటే ఎంత అల్పంగా ఉంటుందో తెలుసు, అందుకే ఎవరికీ చెప్పలేదు. పస్కా పండుగ వెళ్ళాక ఇల్లు విడిచిపెడుతున్నాను. ఆస్పత్రి పక్కన ఒక గది చూసుకున్నాను. అతనికి ఇంకా తెలియదు. నువ్వు ఏడవకు. నేనూ ఏడవడం లేదు.

నీ చెల్లెలు,
రిమ్మా

---

మెల్‌బోర్న్
జూన్, 1997

ఫాన్యా అక్కకి,

తొందరపడ్డానని తిట్టావు. కావచ్చు. వెళ్ళిపోతున్నానంటే సేన్యా సూట్‌కేసు గుమ్మందాకా మోశాడు. బరువులు ఎత్తకూడదని నేనే లాక్కున్నాను.

గదిలో నాకు ఏ లోటూ లేదు. ఒక స్టవ్, ఒక గిన్నె. పాలూ మాంసమూ అందులోనే. అయితే ఒకటి జరిగింది, నీకు తప్ప ఎవరికీ రాయలేను.

కోస్టాస్ అని గ్రీకు బేకరీ ఆయన, చాలా ఏళ్ళుగా నా యంత్రానికి అతుక్కుని బతికినవాడు. వాళ్ళ అక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆపరేషన్ అయ్యాక చూడటానికి వెళ్ళాను. మంచానికి వేలాడుతున్న సంచిలోకి మూత్రం పసుపుపచ్చగా చుక్క చుక్క దిగుతోంది. "చూడు సిస్టర్, చూడు! నేను పోస్తున్నా!" అని అరిచాడు. పక్కన వాళ్ళ అక్క చక్రాల కుర్చీలో కూర్చుని, "సిగ్గులేదట్రా, నలుగురూ వింటున్నారు" అంటూ కళ్ళు తుడుచుకుంటోంది.

నేను సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. నోరు దానంతట అది కదిలింది. బాత్రూం తలుపు ఇవతల నిలబడి ఇన్ని నెలలు విసుక్కుంటూ విన్నదంతా మొదటినుంచి చివరిదాకా వచ్చేసింది, ఒక్క మాట పొల్లుపోకుండా. ఆ సంచి ముందు అంతకన్నా సరిగ్గా అతికే మాట నా చదువులో ఎక్కడా లేదక్కా.

ఆ తరవాత మానలేకపోతున్నాను. నమ్మకం కలిగిందా అంటే లేదు. అటువైపు ఎవరైనా వింటున్నారా అంటే తెలియదు. వార్డులో రోజుకి ఎన్నోసార్లు చేతులు కడుగుతాను, ఇదివరకు సబ్బు తప్ప ఏమీ గుర్తుండేది కాదు. ఇప్పుడు ప్రతిసారీ కాసేపు ఆగుతున్నాను. ఆగిన ఆ కాసేపు పక్కవాళ్ళ మొహాలు కనబడుతున్నాయి. అంతే. సేన్యాకి మాత్రం రాయకు, గెలిచాననుకుంటాడు.

నీ
రిమ్మా

---

మెల్‌బోర్న్
ఆగస్టు, 1997

ఫాన్యా అక్కకి,

శుక్రవారం మధ్యాహ్నం సేన్యా గదికి వచ్చాడు. చిక్కిపోయాడు. కోటు గుండీ ఒకటి ఊడింది. కుర్చీ చూపించాను. ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేం? చీకటి పడితే మీ శనివారం మొదలు, నువ్వు ట్రాము ఎక్కకూడదు కదా" అన్నాను.

"ఎక్కితే ఏం. అన్నీ మానేశాను."

"ఏం మానేశావు?"

"స్తోత్రాలు, శనివారాలు, అన్నీ. నువ్వు గెలిచావు."

సంతోషించాలి కదా నేను? ఒళ్ళు మండిపోయింది. "మానడానికి నువ్వెవడివి? అమ్మ గిన్నె పారేసినప్పుడు లేని అనుమానం ఇప్పుడెందుకొచ్చింది? ఆ స్తోత్రంలో అక్షరం అబద్ధం లేదు, వార్డులో రోజూ చూస్తున్నా" అని కేకలేశాను. అతను నోరు తెరిచి నన్నే చూశాడు. ఏం బయటపెట్టుకున్నానో అప్పుడు తెలిసింది.

కిటికీ వైపు తిరిగి అన్నాడు: "నోరు పెగలట్లేదు రిమ్మా. నువ్వు బెడ్‌పాన్ తీసుకెళ్తుంటే నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి చూడు. అంత సిగ్గు నా బతుకులో ఎరగను. ఫ్యాక్టరీలో అంతమంది చేత పని చేయించినవాణ్ణి. పైవాడికైతే కళ్ళు మూసుకుని చెప్పుకోవచ్చు. నీకు చెప్పాలంటే నీ మొహం చూడాలి. అది చాతకాక అన్నీ ఆయనకే చెబుతూ పోయాను. నువ్వు వెళ్ళాక ఖాళీ ఇంట్లో నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది. ఆపేశాను."

నేను లేచి నీళ్ళు కాచి, మన ఊళ్ళోలా చెర్రీ మురబ్బా వేసి టీ కలిపి అతని ముందు పెట్టాను.

కప్పు చేతిలోకి తీసుకున్నాడు. పెదవులు అలవాటుగా కదలబోయాయి. ఆగిపోయాడు. కప్పు కింద పెట్టి తల ఎత్తి నన్ను చూశాడు. మొహం ఎర్రబడింది, చెవులు కూడా. "టీ ఇచ్చావు, చాలా థాంక్స్ రిమ్మా" అన్నాడు. చూపు తిప్పుకోకుండా, "టీకి మాత్రమే కాదు" అన్నాడు. ఆ తరవాత కప్పు మళ్ళీ ఎత్తి, తలవంచి, ఏదైనా తాగేముందు చెప్పే చిన్న స్తోత్రం చెప్పుకున్నాడు.

ఈ వరసలో అయితే నాకు అభ్యంతరం లేదు.

ఆదివారం ఇంటికి వెళ్తున్నాను.

నీ చెల్లెలు,
రిమ్మా