చీలమండలో రెండు స్క్రూలు

అక్కా,

నిచ్చెన మీంచి పడి లిగమెంట్ తెగినప్పుడు చీలమండలో వేసిన స్క్రూలు తీయించుకోమని ఏడాదిగా పోరుతున్నావు. నొప్పి లేదు కదా, కెలకడం దేనికని దాటవేస్తూ వచ్చాను. అసలు సంగతి వేరు. ఆ ఆపరేషన్ మధ్యలో నాకు మెలకువ వచ్చింది. ఎముకలో డ్రిల్లు తిరగడం విన్నాను. అరుద్దామంటే నోరు పెగల్లేదు, చిటికెన వేలు కూడా కదల్లేదు. ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

పోయిన వారం గోడకి రంగు వేస్తుంటే కాల్లో టక్కుమంది. ఒక స్క్రూ విరిగింది. విరిగినా చాలామందికి ఏమీ కాదట. నాకు మాత్రం చీము పట్టింది. నిన్న ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీశాను. పొద్దున్నకి ఎరుపు గీత దాటి పిక్క దాకా పాకింది.

ఇవాళే తీసేయాలన్నారు. నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి చేయమంటే, ఇంత జ్వరంలో కుదరదు, పూర్తి మత్తే ఇవ్వాలన్నారు. సంతకం పెట్టేశాను. మత్తు డాక్టరు చేయి పట్టుకుని అప్పటి సంగతంతా చెప్పాను.

ఆయన నవ్వాడు. "భయంలో అలాగే అనిపిస్తుందిలే. అప్పుడు మత్తిచ్చింది కూడా నేనేగా!"

స్ట్రెచర్ వచ్చింది. ఈ కాగితం మీ మరదలి చేతికిస్తున్నాను. నువ్వు రాగానే లోపలికి వచ్చి నా పక్కన నిలబడు, అక్కా.

నీ తమ్ముడు