గల్లీలో మిగిలిన తొమ్మిది ఇళ్లు

యాకూబన్నా,

ఎలా ఉన్నావని అడగలేను కదా... నువ్వు పోయి ఏడు నెలలైంది. నేను సమ్మయ్యను. మన మట్టెవాడలోనే ఉన్నాను. ఎడమ చెయ్యి ఇంకా భుజం దాటి లేవడం లేదు.

లెబనాన్ వెళ్దామన్నది నువ్వే. పాలస్తీనా శరణార్థుల శిబిరంలో నీళ్ల లైన్లు వెయ్యాలి, ఇద్దరు ప్లంబర్లు కావాలట అన్నావు. ఇరవై ఏళ్లు కలిసి పైపులు బిగించినవాళ్లం. నువ్వు పోతే నేను ఆగుతానా?

శిబిరమంటే డేరాలనుకున్నాను. అక్కడ ఇంటి మీద ఇల్లు, ఎండ దిగని గల్లీలు. తాతలు ఊళ్లు వదిలి వస్తే మనవలు ఇంకా అక్కడే... కుళాయిలో ఉప్పు నీళ్లు. తలల మీద కరెంటు తీగలూ నీళ్ల పైపులూ ఒకదానికొకటి చుట్టుకుని ఉండేవి.

మూడో రోజే రొట్టెలు కాల్చే ఆయన కారుతున్న పైపును చేత్తో పట్టుకుని బిగుసుకుపోయాడు. చర్మం కాలిన వాసన. నువ్వే కట్టెతో కొట్టి విడదీశావు. అప్పటికే ప్రాణం లేదు. ఆ రోజు నువ్వు అన్నం ముట్టలేదు.

"సమ్మిగా, పైపులు నేల కిందికి పోవాలె, తీగలు గోడ మీదికి పోవాలె. గీ గల్లీ అయ్యేదాక ఇంటికి పోయేది లేదు" అన్నావు.

సగం గల్లీ చేశాం. ముసలామె ఉమ్ సమీర్ ఇంటి దాకా మంచినీళ్లు వచ్చాయి. మొదటి గ్లాసు ఆమె నీకే ఇచ్చింది... గుర్తుందా?

ఆ తర్వాత బాంబులు మొదలయ్యాయి. ఆ రోజు పొద్దున పదకొండు దాటింది. నువ్వు గుంతలో ఉన్నావు. "జర కప్లింగ్ అందియ్యి" అన్నావు. పైపులు కలిపే ఆ ముక్క కోసం నేను సంచిలో వెతుకుతున్నాను. చప్పుడు కూడా వినలేదు. నేల లేచి ముఖానికి కొట్టింది.

కళ్లు తెరిచేసరికి నోటి నిండా సిమెంటు పొడి, భుజంలో ఇనుప చువ్వ. పక్కన ఎవరిదో కాలు, చెప్పుతో సహా. మూడంతస్తుల ఇల్లు నీ గుంత మీద పడి ఉంది.

నువ్వు బతికే ఉన్నావు. శ్లాబు కింది నుంచి నీ గొంతు వచ్చింది. "నడుము కిందికి ఏం తెలుస్తలేదురా..."

గల్లీవాళ్లూ నేనూ చేతులతోనే తవ్వాం. గోళ్లు ఊడిపోయాయి. మనం వేసిన పైపే పగిలి ఆ గుంత నిండుతోంది. "వాల్వ్ బంద్ చెయ్, సమ్మిగా!" అని అరిచావు. వాల్వ్ ఎక్కడో రాళ్ల కింద ఉంది. నాకు దొరకలేదన్నా... నీ అరుపు నీళ్లలో కలిసి, ఆగిపోయింది.

నిన్ను అక్కడే మట్టి చేశారు. నేను కట్టుతో ఇంటికొచ్చాను.

నీ భార్య రబియా వదినకు అబద్ధం చెప్పాను. క్షణంలో పోయావని, నొప్పే తెలియలేదని. ఆమె నమ్మినట్టు తలూపేది గానీ నా ముఖం మీంచి చూపు తీసేది కాదు. కుళాయి చప్పుడు వినలేక నేను దుకాణం మూసేశాను.

మొన్న శుక్రవారం ఆమే మా ఇంటికొచ్చింది. "సమ్మయ్యా, నాకు ధైర్యం చెప్పకు, నిజం చెప్పు. ఆయన ఆఖరి మాట నీ దగ్గర్నే ఉన్నది. నాకియ్యి."

అంతా చెప్పేశాను.

ఆమె నా చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. రెండు పిడికిళ్లతో ఛాతీ మీద గుద్దింది. మా ఆవిడ ఆపబోతే వద్దన్నాను. చివరికి కూలబడి, ఇన్నాళ్లలో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.

ఏడుపు తగ్గాక అడిగింది. "మరి ఆ గల్లీ అయిందా?"

కాలేదన్నాను. ఉమ్ సమీర్ కొడుకు పంపిన వీడియో చూపించాను. రాళ్లు తీసి, నువ్వు గీసిచ్చిన కాగితం పట్టుకుని వాళ్లే పైపులు వేసుకుంటున్నారు. ఇంకా తొమ్మిది ఇళ్లున్నాయి. వాల్వ్‌లు ఎక్కడ పెట్టాలని అడుగుతూనే ఉన్నారు. నెల రోజులుగా నేను జవాబివ్వలేదు.

"చెప్పు వాళ్లకు" అంటూ వదిన ఫోన్ నా చేతిలో పెట్టింది.

ప్రతి ఇంటికీ ఒక వాల్వ్, బయటి గోడకు, చెయ్యి అందే ఎత్తులో అని గీసి పంపాను. గీత వంకర పోయింది. వాళ్లకు అర్థమవుతుందిలే.

నిన్ను చంపినవాళ్ల ముఖం నేను చూడలేదు. ఆ చెప్పున్న కాలు ఎవరిదో కూడా తెలియదు... ఎవర్ని అడగాలి, అన్నా?

రేపు దుకాణం తెరుస్తున్నాను. ఆ తొమ్మిది ఇళ్లకూ నీళ్లు చేరేదాకా వాళ్లు ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతాను.

నీ సమ్మయ్య