ఆవ పెట్టిన బూరె

ఫోర్ఖ్‌హైమ్, జనవరి

ప్రియమైన ఫ్రావ్‌కే అక్కా,

బూరెల బుట్టలో పడ్డావని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. ఈసారి నిజం రాస్తున్నాను, చదివి మొత్తుకోకు. ఈ ఇంట్లోంచి వెళ్లిపోవాలని తేల్చుకున్నాను. నూరెంబర్గ్‌లో ఉద్యోగమూ దొరికింది, అద్దె ఇల్లూ దొరికింది. కార్నివాల్ పండగ కాగానే అత్తగారికి చెప్పేస్తాను. మా ఆయన ఫైట్ నాతో వస్తానన్నాడు, మొహం మాత్రం వేలాడేశాడు.

ఇక్కడ నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. నా బాధంతా అదే. మే నెలలో పొలం నుంచి తెల్ల ఆస్పరాగస్ కాడలు గంపలకొద్దీ వస్తాయి. అత్తగారూ, ఆడపడుచు ఆఫ్రా వాకిట్లో కూర్చుని తొక్క తీస్తూ ఊరందరినీ ఏకేస్తుంటారు. నేను కత్తి పట్టుకోగానే, "మీరు కూర్చోండి విబ్కే, చేతులు పాడవుతాయి" అంటుంది అత్తగారు. చలి మొదలై కార్ప్ చేప వేయిస్తే కరకరలాడే రెక్కలు నా కంచంలోకే. నవంబరులో మార్టిన్ పండగకి బాతు కాలు నాకు, మెడ ఆఫ్రాకి. "పొద్దున్నుంచీ ఒక్క పని ముట్టుకున్నావా? నీకిది చాల్లే" అని కూతుర్ని తిట్టి మరీ వడ్డిస్తుంది. అక్కా, నాకు ఆ తిట్లతో పెట్టే మెడ ముక్క కావాలి. "మీరు" మాని పెద్దావిడే ముందు "నువ్వు" అనాలి కదా, పెళ్లయి ఇన్నేళ్లయినా అనలేదు.

కార్నివాల్ బూరెలన్నిట్లో అడవి గులాబీ పళ్ల జామ్ పెట్టి, ఒక్కదాంట్లో ఆవముద్ద కూరుతుంది. అది కొరికినవాళ్లని ఏడాదంతా ఏడిపిస్తారు. అదెవరికి చేరాలో చూసుకుని ఆవిడే వడ్డిస్తుంది. పోయినేడు పోస్టుమాన్‌కి కూడా పెట్టింది, నాకు ఏనాడూ పెట్టలేదు. ఈ ఇంటికి నాకంటే పోస్టుమానే దగ్గర.

నీ
విబ్కే


ఫోర్ఖ్‌హైమ్, కార్నివాల్ మర్నాడు

అక్కా,

పోయేదాన్ని ఎలాగూ పోతున్నాను, ఇక భయమెందుకనిపించింది. అత్తగారు పక్కింటికి వెళ్లినప్పుడు వంటింట్లో దూరి, ఒక బూరెలో ఆవముద్ద దట్టించాను. అందరూ చేరాక పళ్లెం నేనే అందుకుని, "మీరు కూర్చోండి అత్తయ్యా" అని మొదట ఆవిడకే వడ్డించాను.

కొరికింది. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు ఎర్రబడింది. ఫైట్ తల పట్టుకున్నాడు. ఆవిడ మింగేసి, గ్లాసెడు పొగవాసన బీరు తాగి, "ఎవరి పని?" అంది.

"నాదే. చుట్టంలా ఉండీ ఉండీ విసుగొచ్చింది. నూరెంబర్గ్ వెళ్లిపోతున్నాను."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. తర్వాత మూతి తుడుచుకుంటూ, "ఎక్కడో సముద్రం ఒడ్డునుంచి వచ్చినదానివి, మా తిట్లు నీకు కొత్త. ఒక మాటంటే పెట్టె సర్దుకుంటావేమోనని ఇన్నాళ్లూ నోరు కట్టేసుకున్నాను. కట్టుకున్నా పోతున్నావా?" అంది.

"కట్టుకున్నందుకే పోతున్నాను" అన్నాను.

"అయితే విను. అంత ఆవముద్ద ఎవరైనా కూరుతారా? సగం సీసా తగలేశావు. వంటింట్లో నూనె మూకుడుంది, లేచి తోము."

ఆ "లేచి తోము" విని ఆఫ్రా నోరు తెరిచింది, నేను లేచాను. తోముతూ ఏడ్చాను, నవ్వాను కూడా. పొద్దున్నే నూరెంబర్గ్‌కి ఫోన్ చేసి, ఉద్యోగమూ వద్దు, ఇల్లూ వద్దని చెప్పేశాను. ఫోన్ పెట్టి వచ్చేసరికి అత్తగారు మూకుడు వెలుతురులో పెట్టి చూస్తోంది.

"అడుగున జిడ్డు అలాగే ఉందే. మీ అమ్మ నీకేం నేర్పింది?"

మళ్లీ తోమాను అక్కా. అమ్మకి మాత్రం ఈ మాట చెప్పకు.

ఈ ఇంటి కోడలు,
విబ్కే